ఎస్తర్ పెట్టె, డోరియన్ నగలు

బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఠాగూర్ కవిత ఒకటి ఫలకంగా ఉంది. పేరు ‘ఫాంకి’. మోసం అనుకోవచ్చు, ఎగవేత అనుకోవచ్చు. 1918లో వచ్చిన ‘పలాతక’ సంపుటిలోది. జబ్బుపడ్డ భార్య బీనును గాలి మార్పు కోసం తీసుకెళ్తున్న భర్త ఇక్కడ బండి మారాలి. ఆరు గంటలు కూర్చోవాలి. ఈలోగా రుక్మిణి అనే కూలీ భార్య బీనుకు పరిచయమై, కూతురి పెళ్ళికి పాతిక రూపాయలు కావాలని చెప్పుకుంటుంది. ఇచ్చి పంపమని బీను అడుగుతుంది. భర్త రుక్మిణిని పక్కకు తీసుకెళ్ళి, గదమాయించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. రెండు నెలలకు బీను పోతుంది. అప్పు తీర్చుకుందామని అతను మళ్ళీ బిలాస్‌పూర్‌లో దిగితే రుక్మిణి జాడ చెప్పేవాళ్ళు ఒక్కరూ ఉండరు.

ఊళ్ళో చాలామంది దీన్ని కవి సొంత కథగానే చెబుతారు. ఆయన భార్య మృణాళినీదేవి 1902లోనే పోయారు కదా, కవిత 1918 నాటిది కదా అంటే నచ్చదు. నా కన్ను ఎప్పుడూ ఆ పాతిక రూపాయల మీదే ఉంటుంది. అదే కవితలో ఇంకో సంగతి ఉంది. పెళ్ళయ్యాక మొదటిసారి రైలెక్కిన బీనుకు కిటికీలోంచి కనిపించేదల్లా కొత్త, అంతా అందం. ఇదే కథను 1890ల నాటి ఇంగ్లీషు నవలాకారుడు రాసి ఉంటే ఏది పట్టుకునేవాడు? పాతిక రూపాయల లెక్కనా, కిటికీలోని వెలుతురునా? లెక్క పట్టుకున్నవాడు సహజవాది, వెలుతురు పట్టుకున్నవాడు సౌందర్యవాది అని మేము పాఠం చెప్పేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళు ఇక్కడి పిల్లలకు నేనూ అలాగే చెప్పాను. ఆ పాఠాన్ని ఇప్పుడు సరిచేసుకోవాలని ఈ వ్యాసం.

ముందు పేరు దగ్గరే చిక్కుంది. ‘నాచురలిజం’ అనే ఇంగ్లీషు మాటను తెలుగులో కొందరు ప్రకృతివాదం అన్నారు. అనగానే తెలుగు పిల్లవాడికి కొండలూ సెలయేళ్ళూ కృష్ణశాస్త్రీ గుర్తొస్తారు. ఫ్రెంచి రచయిత జోలా నవలల్లో ఉన్నది బొగ్గుగని, సారాకొట్టు, చాకిరేవు. హిందీవాళ్ళు ఈ ప్రమాదం పసిగట్టి ప్రకృతవాదం అని, గుడి తీసేసి, వేరు చేసుకున్నారు. కానీ మా క్లాసులో సగం జవాబుపత్రాల్లో ఆ గుడి తిరిగి వచ్చి కూర్చునేది. గుడి రాగానే జోలా పక్కకు వర్డ్స్‌వర్త్ కూడా వచ్చేసేవాడు. అందుకే నేను సహజవాదం అంటాను. అదీ నిర్దుష్టమైన మాటేం కాదు. మనిషి బతుకును వంశం, పరిసరాలు, డబ్బు, ఆకలి ఎలా తోస్తాయో శాస్త్రజ్ఞుడిలా దగ్గరుండి చూసి రాయాలన్న పట్టుదల ఆ మాట వెనక ఉందని గుర్తుంటే చాలు. సౌందర్యవాదానికి ఇంత గొడవ లేదు. కళకు నీతి చెప్పే పని లేదు, అందమే దాని పని అన్నది దాని పట్టు.

ఇక చరిత్ర. జోలా ‘తెరేజ్ రకాఁ’ 1867లో వచ్చింది, మరుసటి ఏడు రెండో ముద్రణకు ఆయన రాసిన ముందుమాట సహజవాదానికి ప్రకటన లాంటిది. 1880లో ‘ప్రయోగాత్మక నవల’ వ్యాసంలో నవలాకారుడిని ప్రయోగశాలలో నిలబెట్టాడు. అవతలి పక్క వాల్టర్ పేటర్ 1873లో రినైజాన్స్ మీద పుస్తకం వేసి, దాని ముగింపు కుర్రకారును చెడగొడుతుందేమోనన్న భయంతో రెండో ముద్రణలో దాన్ని తీసేశాడు. ఈ రెండు దారులూ లండన్‌లో ఒకే మనిషిలో కలిశాయి. ఆయన జార్జ్ మూర్, పారిస్‌లో చిత్రకళ నేర్చుకోబోయి రచయితగా తిరిగొచ్చిన ఐరిష్ భూస్వామి. 1885లో ‘ఎ మమ్మర్స్ వైఫ్’ అచ్చ సహజవాద నవల. దానికోసం కుండల కార్ఖానాల ఊరు హాన్లీకి వెళ్ళి చూసొచ్చాడు. మూడేళ్ళకే ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ యంగ్ మాన్’లో అదే మనిషి సౌందర్యవాదిలా మాట్లాడతాడు. 1894లో ‘ఎస్తర్ వాటర్స్’తో మళ్ళీ పేదరాలి వంటింట్లోకి వెళ్ళాడు. కుంజీలు, అంటే పరీక్ష గైడ్లు, ఈయన్ని ఒకే గడిలో పెట్టలేక వదిలేస్తాయి. నా లెక్కలో ఈ ప్రశ్నకు మూర్ కంటే పనికొచ్చే రచయిత లేడు.

జోలా నవలలను ఇంగ్లీషులో అచ్చేసిన ముసలి ప్రచురణకర్త హెన్రీ విజెటెల్లీని 1888లో కోర్టుకు లాగి జరిమానా వేశారు, మరుసటి ఏడు మూడు నెలలు జైల్లో పెట్టారు. ఇది అందరూ చెప్పే కథ. రైల్వే ఊరివాణ్ణి కాబట్టి నాకు ఇంకో కథ ముఖ్యం. అప్పట్లో ఇంగ్లండ్ స్టేషన్లలో దాదాపు అన్ని పుస్తకాల స్టాళ్ళ మీదా డబ్ల్యూ. హెచ్. స్మిత్ కంపెనీదే పెత్తనం. ఇక్కడ 1877లో అలహాబాద్‌లో మొదలైన ఎ. హెచ్. వీలర్ ఎలాగో అలాగ. (1888లో కిప్లింగ్ కథల పుస్తకాలు ఒక్కొక్కటి రూపాయి చొప్పున ‘ఇండియన్ రైల్వే లైబ్రరీ’ పేరుతో వేసింది ఈ వీలర్‌వాళ్ళే.) 1890 జులైలో ‘లిపిన్‌కాట్స్’ పత్రికలో ఆస్కార్ వైల్డ్ ‘ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే’ పడింది. పత్రికలు మురికి పుస్తకమని తిట్టగానే స్మిత్ కంపెనీ ఆ సంచికను స్టాళ్ళ నుంచి దించేసింది. నాలుగేళ్ళకు పనిమనిషి కథ ‘ఎస్తర్ వాటర్స్’ వస్తే దానికీ చోటివ్వబోమంది. సౌందర్యవాదానికి శిఖరం అనదగ్గ నవలా, ఇంగ్లీషు సహజవాదానికి శిఖరం అనదగ్గ నవలా ఒకే కొట్టువాడి చేతిలో ఒకే ప్లాట్‌ఫారం మీంచి బయటికి పోయాయి. కుంజీలో ఇవి ఎదురెదురు గళ్ళలో ఉంటాయి. ఆ కొట్టువాడికి మాత్రం రెండూ ఒకేలా కనిపించాయి. అతనికి సాహిత్యం తెలియదనడం తేలిక. కానీ ఆ రెంటిలోనూ కథ ఆపి వస్తువుల మీద కన్ను నిలిపే వాక్యం ఉంది, నీతి తీర్పు చెప్పకుండా పక్కకు తప్పుకునే కథకుడు ఉన్నాడు. అతనికి ఒళ్ళు మండింది దానికే.

ఆ వాక్యం దగ్గరికే వెళ్దాం. శైలిని చదవడమంటే మడతలు విప్పి చూడ్డం.

‘ఎస్తర్ వాటర్స్’ చిన్న స్టేషన్ ప్లాట్‌ఫారం మీద మొదలవుతుంది. బండి వెళ్ళిపోయింది, దాన్నే చూస్తూ ఒక పిల్ల నిలబడింది. పక్కన బెంచీ మీద ముతక తాడుతో కట్టిన, ఎర్రగోధుమ రంగు వేసిన పొడుగాటి పెట్టె. ఆ పెట్టె ఒక్కటి చాలు, ఆమె కూలి ఎంతో, వచ్చిన ఇల్లెలాంటిదో, ఎక్కడికి వెళ్ళబోతోందో పాఠకుడికి తెలిసిపోతుంది. థియొడోర్ డ్రైజర్ ‘సిస్టర్ కారీ’ (1900) కూడా రైల్లోనే మొదలవుతుంది. 1889 ఆగస్టులో షికాగో బండెక్కిన కారీ దగ్గర చిన్న ట్రంకు, మొసలి తోలని భ్రమపెట్టే చవకబారు సంచి, కాగితం డబ్బాలో భోజనం, పసుప్పచ్చ తోలు పర్సు, అందులో టికెట్టు, అక్క చిరునామా, నాలుగు డాలర్లు. షికాగోలో చెప్పుల కార్ఖానాలో వారానికి నాలుగున్నర డాలర్ల పని దొరుకుతుంది, అందులో నాలుగు అక్క ఇంట్లో తిండికి పోతాయి. మిగిలిన అర డాలరు మీదే నవల అంతా నడుస్తుంది. అంకెలు ఇంత పచ్చిగా మాట్లాడటం నవలలో అదివరకు అరుదు.

ఇటు ‘డోరియన్ గ్రే’ పదకొండో అధ్యాయం చూడండి. అత్తర్లు, దేశదేశాల వాద్యాలు, రత్నాలు, పూజారుల జరీ వస్త్రాలు. పేజీలకు పేజీలు జాబితా, కథ అడుగు కదలదు. ఇక్కడే విద్యార్థి పుస్తకం మూసేస్తాడు, పాపం అనను. కానీ పరిశోధకులు ఒక సంగతి తవ్వి తీశారు. వైల్డ్ ఆ రత్నాల, వాద్యాల, కుట్టుపనుల వివరాల్లో చాలా భాగం సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం చేతిపుస్తకాల నుంచీ అలాంటి గ్రంథాల నుంచీ దాదాపు యథాతథంగా ఎత్తుకున్నాడు. జోలా గని గురించి రాసేముందు గనిలోకి దిగి నోటు పుస్తకం నింపుకున్నట్టే, రైలు ఇంజను మీద ఎక్కి పారిస్ నుంచి మాంత్ దాకా వెళ్ళి ‘లా బేత్ ఉమేన్’ రాసినట్టే, వైల్డ్ కూడా పత్రాలు ముందు పెట్టుకునే రాశాడు. ఒకాయన చేతిలో బొగ్గు, ఇంకొకాయన చేతిలో కెంపు. పని తీరు ఒకటే.

ఇంకా లోపలికి పోతే, ఆ నవలలోనే లార్డ్ హెన్రీ మనుషులను కోసి పరీక్షించే శాస్త్రజ్ఞుడిగా తనను తాను ఊహించుకుంటాడు, డోరియన్ మీద ప్రయోగం చేస్తున్నానని సంబరపడతాడు. అది జోలా భాష. డోరియన్ తన పూర్వీకుల చిత్తరువుల ముందు నిలబడి, ఎవరి రక్తం తనలో పారుతోందోనని ఆలోచిస్తాడు. అది వంశపారంపర్యం, సహజవాదుల సొంత ఆస్తి. ‘మిథ్య క్షీణించింది’ అంటూ 1889లో జోలాను ఎకసెక్కమాడిన వైల్డ్ మరుసటి ఏడు ఆయన సామానే అరువు తెచ్చుకున్నాడు.

ఎదురుదిశలోనూ అంతే. ఫ్రాంక్ నారిస్ ‘మెక్‌టీగ్’ (1899)లో ట్రీనా లాటరీలో గెలిచిన 5000 డాలర్లను బంగారు నాణేలుగా తెచ్చుకుని, ఖర్చుకు కాదు, తాకి చూసుకోడానికి దాచుకుంటుంది, పరుపు మీద పరుచుకుని పడుకుంటుంది. డబ్బు ఇక్కడ లెక్క కాదు, స్పర్శ. కారీ బట్టల కొట్టులోకి వెళితే జాకెట్లూ లేసు కాలర్లూ ఆమెతో మాట్లాడతాయి. పచ్చి సహజవాద నవలలో వస్తువుకు గొంతు వచ్చింది. నారిస్‌దే ‘ది ఆక్టోపస్’ (1901)లో ప్రెస్లీ అనే కవి పశ్చిమ సీమ మీద ఘనమైన కావ్యం రాద్దామని ఊహల్లో తేలుతుంటాడు. మొదటి అధ్యాయం చివర్న రైలింజను గొర్రెలమందలోకి దూసుకుపోతుంది, కావ్యం సంగతి అంతటితో సరి. 1880లో కాలిఫోర్నియాలో రైతులకూ రైల్వే కంపెనీకీ జరిగిన కాల్పుల ఘటన వెనక ఉన్న నవల అది. కథలోని కవి సౌందర్యవాది, కథను తోసేది రైలు పట్టా. ఇంత బాహాటంగా రెంటినీ ఢీకొట్టిన నవల ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు. నవలగా మాత్రం అది మెక్‌టీగ్ కంటే తక్కువ, ఉపన్యాసం పాలు ఎక్కువైంది.

పెట్టెల మాట వచ్చింది కాబట్టి మా ఇంటి పెట్టె గురించీ చెప్పాలి. మా నాన్న గూడ్స్ గార్డు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి బారాఖోళీ దగ్గర క్వార్టరులో స్థిరపడ్డ వేల తెలుగువాళ్ళలో ఒకడు. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక ఈ రాకపోకలు ఇంకా పెరిగాయి. ఆయన లైన్ పెట్టెలో ఎర్రజెండా, పచ్చజెండా, చేతి దీపం, మంచు పట్టినప్పుడు పట్టా మీద పెట్టే పటాఖాలు, రూల్ బుక్కు ఉండేవి. ఇవి నిబంధన ప్రకారం. నిబంధనలో లేనిది ఆవకాయ సీసా. నిబంధనలో లేనిది ఇంకొకటి కూడా ఉంది. మూత మీద తెల్లరంగుతో పేరు రాసే పెయింటరు చేత రెండు మూలలా రెండు తామరపూలు వేయించుకున్నాడు. పెట్టె గుర్తుపట్టడానికి పేరు చాలు, పూలు ఎందుకు? ఈ ప్రశ్న క్లాసులో వేసి చూసేవాణ్ణి. జెండాలు తీసేస్తే బండి ఆగిపోతుంది, పూలు తీసేస్తే బండి ఆగదు, కాబట్టి మొదటిది సాక్ష్యం, రెండోది నగ అని ఒక కుర్రాడు ఠకీమని చెప్పాడు. బాగానే ఉంది. కానీ ఆ పూలు లేకపోతే అది మా నాన్న పెట్టె అని నవలలో ఎలా తెలుస్తుందని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. ఆ పిల్ల అడిగినదానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

విమర్శకుల దగ్గరకు వస్తే, ఈ ప్రశ్నను మొదట గట్టిగా పట్టినవాడు జార్జ్ లూకాచ్. 1936 నాటి వ్యాసంలో జోలా ‘నానా’లోని గుర్రప్పందేన్నీ టాల్‌స్టాయ్ ‘అన్నా కరెనినా’లోని పందేన్నీ పక్కపక్కన పెట్టాడు. ఒకటి వర్ణన, ఒకటి కథనం. వర్ణన మనుషులను ప్రేక్షకులుగా మార్చి, బతుకును నిశ్చల చిత్రాల వరసగా చేస్తుందన్నాడు. పందెం విషయంలో ఆయన మాట నిజమే. ఒక్క విశేషం గమనించాలి. సహజవాదం మీద ఆయన చేసిన ఈ ఫిర్యాదునే సౌందర్యవాదం మీద పేరు మార్చి పంపినా సరిపోతుంది. ఎరిక్ అవర్‌బాక్ 1946లో ‘మిమేసిస్’లో ఇంకా సూటిగా వెళ్ళాడు. పనిమనిషి బతుకు మీద గాన్‌కూర్ సోదరులు 1864లో రాసిన నవలను తీసుకుని, వాళ్ళను అట్టడుగు జనం వైపు లాగింది జాలి కంటే వికృతిలోని రుచి అని తేల్చాడు. సహజవాదం పుట్టుకలోనే సౌందర్యవాదపు నాలుక ఉందన్నమాట. ఈ అధ్యాయం ఒక్కటి చదివితే, ఈ రెండు వాదాల మధ్య పది మార్కులకు రాయించే తేడాల పట్టిక దానంతటదే చిరిగిపోతుంది.

1980ల చివర అమెరికా విమర్శకులు బజారు వైపు తిరిగారు. రెజీనియా గాన్యే 1986లో వైల్డ్‌ను ప్రకటనల, ప్రేక్షకుల మార్కెట్‌లో పెట్టి చూసింది. వాల్టర్ బెన్ మైకేల్స్ 1987లో ట్రీనా బంగారాన్ని బంగారు ప్రమాణపు గొడవతో ముడిపెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు పిలవకుండానే ఒకే దుకాణం ముందు కలిశారు. నాకు గాన్యే పుస్తకమే ఎక్కువ నచ్చుతుంది, మైకేల్స్ తర్కం ఒక్కోచోట నవలను వదిలి తన దారిన పోతుంది. 2000లో టాలియా షాఫర్ మరుగునపడ్డ సౌందర్యవాద రచయిత్రులను వెలికి తీశాక ఆ గది మగవాళ్ళదే కాదని తేలింది. సైమన్ జాయ్స్ 2015 పుస్తకం బ్రిటిష్, ఐరిష్ నవలల్లో సహజవాదం ఆధునికతకు శత్రువు కాదు, దారి అని మూర్‌ను మధ్యలో నిలబెట్టి వాదిస్తుంది. ఇక్కడి లైబ్రరీల్లో ఇవన్నీ దొరకడం కష్టం. దొరికిన నాలుగు అధ్యాయాల జిరాక్సులు చేతులు మారుతుంటాయి.

ఇంత దూరం పోకుండానే మనకు ఇంకో దారి ఉంది. సంస్కృత ఆలంకారికుడు దండి వాఙ్మయాన్నంతా స్వభావోక్తి, వక్రోక్తి అని రెండుగా పంచాడు. వస్తువు ఉన్నదున్నట్టు కళ్ళకు కట్టడం ఒకటి, మాటను వంచి చెప్పడం ఇంకొకటి. భామహుడికి స్వభావోక్తి మీద అంత గురి లేదు, కొందరు దాన్నీ అలంకారమంటారని ముక్తసరిగా సరిపెట్టాడు. కుంతకుడు మరీ కటువు. వస్తువు స్వభావమే నగ అయితే నగ పెట్టుకునేది ఏదని నిలదీశాడు. జోలాకూ వైల్డ్‌కూ మధ్య జరిగిన పోట్లాటను వెయ్యేళ్ళ ముందే ఇంత సూక్ష్మంగా ఆడేశారని గొప్పలు పోవడానికి ఇది చెప్పడం లేదు. కూలిరేట్లు, రక్తసంబంధం, సారాకొట్టు వాళ్ళ ఆలోచనలో లేవు. కానీ ఉన్నదున్నట్టు చెప్పడం కూడా ఒక నేర్పే, శైలి లేకపోవడం కాదు అన్న మాట దండి దగ్గర స్పష్టంగా ఉంది. ఇంగ్లీషు విమర్శ ఆ మాట దగ్గరకు రావడానికి చాలాకాలం పట్టింది. ‘ఆముక్తమాల్యద’లో వానాకాలం పల్లెలనూ, ఋతువును బట్టి మారే తిండినీ చదివినవాడికి ప్రబంధంలో స్వభావోక్తి ఎంత దూరం పోగలదో తెలుసు. ప్రబంధ వర్ణనలతో పెరిగిన తెలుగు పాఠకుడికి డోరియన్ పదకొండో అధ్యాయం అంత కొరుకుడు పడనిది కాకూడదు. నేను ఈ దారిన చెప్పినప్పుడు తెలుగిళ్ళ పిల్లలకు తొందరగా ఎక్కింది, మిగతావాళ్ళకు రీతికాలపు బ్రజ కవులతో ముడిపెట్టి చెప్పాల్సి వచ్చింది.

భారతీయ ఇంగ్లీషు నవలకు ఈ ప్రశ్న వేసినవాళ్ళు తక్కువ. 1947 నుంచి వాల్తేరులో ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఇంగ్లీషు ఆచార్యుడిగా ఉన్న కె. ఆర్. శ్రీనివాస అయ్యంగార్ 1962లో ‘ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లిష్’ వేసి ఈ రంగానికి పటం గీశాడు. హైదరాబాదులో పాఠాలు చెప్పిన మీనాక్షి ముఖర్జీ 1971లో ‘ది ట్వైస్ బార్న్ ఫిక్షన్’లో ఆ నవలల రూపాన్నీ భాషనూ పట్టుకుంది. ఇద్దరి పుస్తకాలూ ఇప్పటికీ నిలబడ్డాయి. కానీ ముల్క్ రాజ్ ఆనంద్ పేరు రాగానే అందరం కులం, పేదరికం అని విషయం దగ్గర ఆగిపోతాం. ‘అన్‌టచబుల్’ (1935)లో పాకీపని చేసే బఖా గోరా సిపాయిల బట్టలకు మోజుపడి, స్వదేశీ రజాయి కప్పుకోనని పట్టుబట్టి, తెల్లారేదాకా చలికి వణుకుతాడు. వణుకు సహజవాద వివరం. రజాయి వద్దన్న మోజు మాత్రం అందం కోసం కష్టం పడే తత్వం, డోరియన్‌కు దూరపు చుట్టం. పరీక్షలో ఒకసారి ఈ మాట రాసిన విద్యార్థి జవాబుకు అడ్డంగా ఎర్రగీత పడింది. ఏ ఊళ్ళో దిద్దారో చెప్పను.

రైల్వే ఊరి నవల అనగానే జాన్ మాస్టర్స్ ‘భవానీ జంక్షన్’ (1954) ముందుకొస్తుంది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, రైల్వే కాలనీ, 1946 నాటి ఉద్రిక్తత. పని వివరాలు బాగానే పట్టాడు. వాక్యం మాత్రం సాహస కథ వాక్యం, సిగ్నల్ పడేదాకా కూడా ఆగదు. మన పొరుగున వినోద్ కుమార్ శుక్ల హిందీలో ‘నౌకర్ కీ కమీజ్’ (1979)లో చేసింది ఇంతకంటే నాకు విలువైనది. గుమాస్తా, అతని దొర, నౌకరు కోసం కుట్టించిన చొక్కా. వస్తువు సహజవాదానిది, చూపు మాత్రం కలలో చూసినట్టుంటుంది. తెలుగులో కారా ‘యజ్ఞం’ (1964)కు వెన్నెముక అప్పు లెక్క, అందులో నగ ఒక్కటీ లేదు. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ దానికి పూర్తిగా ఎదురు. విషయం చూస్తే నాటుసారా, పోలీసు, కోర్టు, బోను. వాక్యం చూస్తే ఉపమ మీద ఉపమ, లయ మీద లయ. ఇంగ్లీషు గళ్ళలో ఆయన్ని ఎక్కడ పెడతారు? ఆయన్ని పెట్టలేకపోతే తప్పు గళ్ళదే.

ఒక్క పుస్తకమే చెప్పమంటే ఈడిత్ వార్టన్ ‘ది హౌస్ ఆఫ్ మర్త్’ (1905) చెబుతాను. అదీ స్టేషన్‌లోనే మొదలవుతుంది, న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్‌లో. బండి తప్పిపోయిన లిలీ బార్ట్‌ను జనంలో సెల్డెన్ చూస్తాడు, చూడగానే అందమైన వస్తువును చూసినట్టు చూస్తాడు. తర్వాత ఒక విందులో రెనాల్డ్స్ చిత్రంలోని స్త్రీలా అలంకరించుకుని లిలీ కదలకుండా నిలబడుతుంది, అందరూ ఆ అందానికి ధర కడతారు. చివరికి టోపీల దుకాణంలో కుట్టుపనికి కూర్చుంటుంది, వేలికి నేర్పు లేక ఆ పనీ పోతుంది, నిద్రమందు మోతాదు మించి చనిపోతుంది. సౌందర్యవాదం తయారుచేసిన మనిషిని సహజవాదపు లెక్క ఎలా కొట్టేస్తుందో ఇంతకంటే నిర్దయగా ఎవరూ రాయలేదు. లిలీ చెక్కుబుక్కు చూసుకునే పేజీలు డ్రైజర్ రాసినట్టుంటాయి, ఆమె చీకట్లో గౌన్లు తీసి చూసుకునే పేజీలు పేటర్ శిష్యులు రాసినట్టుంటాయి. పుస్తకం మాత్రం ముక్కలు కాదు.

చదవబోయేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఏ ప్రతి చదువుతున్నారో ముందు చూసుకోండి. 1890 ‘డోరియన్ గ్రే’లో పదమూడు అధ్యాయాలు, 1891 పుస్తకంలో ఇరవై. సిబిల్ తమ్ముడు జేమ్స్ వేన్ పగ, ఆ పగ నడిచే రేవు సందులు ఆ కొత్త అధ్యాయాల్లో వచ్చి చేరాయి. సంపాదకుడు కత్తిరించకముందున్న టైపు ప్రతి 2011లో అచ్చయింది. ‘సిస్టర్ కారీ’లో అచ్చుకు ముందు తీసేసిన భాగాలు 1981 పెన్సిల్వేనియా ప్రతిలో తిరిగి చేరాయి. మూర్ అయితే రాసింది రాసినట్టు ఉంచే మనిషే కాదు, ‘ఎస్తర్ వాటర్స్’ను 1899లో ఒకసారి, 1920లో ఒకసారి తిరగరాశాడు. ఏ ప్రతో చెప్పకుండా శైలి గురించి వ్యాసాలు రాసేవాళ్ళను నేను నమ్మను.

‘ఎస్తర్ వాటర్స్’ చివర్లో ఎస్తర్ అదే చిన్న స్టేషన్‌లో మళ్ళీ దిగుతుంది. మూర్ మొదటి పేజీ వాక్యాలనే దాదాపు మార్చకుండా తిరిగి వేశాడు. అదే పొగ, అదే మలుపు, అదే పెట్టె. మారింది ఆమె వయసు, ఒళ్ళు, మధ్యలో గడిచిన దాదాపు పద్దెనిమిదేళ్ళు. ఏళ్ళు, కూలి, బిడ్డ, భర్త చావు అంతా సహజవాదం. అదే వాక్యాన్ని మళ్ళీ పాడించడం శుద్ధ కళ. రెండూ ఒకే పేరాలో ఉన్నాయి.

మూర్ 1933లో పోయాడు, మన దేశంలో ఆ నవలకు కాపీహక్కు లేదు, ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. ఈసారి బిలాస్‌పూర్‌లో బండి ఆలస్యమైతే మొదటి అధ్యాయమూ, ఆ చివరి స్టేషన్ అధ్యాయమూ పక్కపక్కన పెట్టి చదవండి. తెలుగు చేసే ఓపిక ఉన్నవాళ్ళుంటే ముందు ఈ రెండు అధ్యాయాలే చేసి చూడండి. 1894 ప్రతి అయితే మేలు.